ఉప్పు చూసిన నాలుక

కిందటి వారం మనం మథురను సప్తాహం పందిట్లో, వాడ జనమంతా చూస్తుండగా నిలబెట్టి వచ్చేశాం. ఆమె అక్కడే నిలబడిపోలేదు. ఈ ఆషాఢంలో దిండి అనే భజన గుంపుతో పాటు పండరి నడిచి వెళ్ళి విఠలుడి తులసిమాల వేసుకుంటానని, కీర్తనలు చెప్పే సఖారాం బువాకు దణ్ణం పెట్టి చెప్పి, చక్కా ఇంటికి వెళ్ళి పొయ్యి వెలిగించుకుంది. నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయింది మేమే. చేపలు పట్టుకు బతికే మా కోలీవాడలో చేప తినని వాళ్ళెవరంటే ఇంకా పళ్ళు రాని పిల్లలు. అలాంటి చోట, పడవ నడిపే తండేలు పెళ్ళాం, హౌసాబాయి కోడలు, ఇకమీదట చేప ముట్టను, మాంసం ముట్టను, ఏకాదశి వస్తే పస్తుంటాను అంటే ఎవరికి మాట పెగులుతుంది?

ఆ ఇంట్లో ఆ పూట నుంచి మాటలు కరువయ్యాయి. మథుర మొగుడు మోరేశ్వర్, పడవకు మరమ్మతు ఉందని వంక పెట్టి, ఒడ్డుకు లాగి తాటాకు కప్పిన పడవలోనే పడుకుంటున్నాడు. వానాకాలంలో పడవలో పడుకునే వెర్రివాడు ఎవడూ ఉండడు. ఆ సంగతి అతనికీ తెలుసు, దారిన పోయే మాకూ తెలుసు. అత్త హౌసాబాయి అయితే తిట్టడం మానేసింది. ఆమె తిడుతుంటే మేం హాయిగా మా పని మేం చేసుకుంటాం. తిట్టకపోతేనే గుబులు.

హౌసాబాయి గురించి కొత్తగా చెప్పేదేముంది? బజారులో ఆమె గంప దించితే పక్క గంపలవాళ్ళు తమంతట తామే జరిగి చోటిస్తారు. చెప్పుల్లేకుండా కార్లా కొండెక్కి ఏకవీర దేవిని చూడకుండా ఆమెకు ఏ చైత్రమూ గడవలేదు. అన్నిటికంటే గొప్పది ఆమె నాలుక. వానలకు ముందు పడవలు కట్టేసే రోజుల్లో వంజరం ముక్కలను ఉప్పుతో జాడీలకెత్తుతాం. కొన్నాళ్ళకు జాడీలో నీరు ఊరుతుంది. ఆ నీటిలో వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, ఇంకా ఉప్పు పడాలో చాలో చెప్పాలి. చెప్పాకే మూతికి గుడ్డ కట్టి మట్టి మెత్తడం. ఆ మాట తప్పితే చేప కుళ్ళుతుంది. హౌసాబాయి మాట ఎన్నడూ తప్పలేదు. కొండల ఘాటు రోడ్డు దాటి అవతల ఊళ్ళ నుంచి షావుకార్లు ఆమె జాడీల కోసమే వస్తారు. వానల నాలుగు నెలలూ వేట లేని ఆ ఇంటికి అదే అన్నం.

దిండి బయల్దేరడానికి ముందురోజు మధ్యాహ్నం హౌసాబాయి కోడల్ని ఉప్పు పాకలోకి పిలిచింది. తెల్లారితే షావుకారు వస్తాడు, జాడీలు ఒకసారి తెరిచి చూసుకోవాలి. అంతే చెప్పింది. బయట వాన దంచేస్తోంది. ముందు వరస జాడీలు తెరిస్తే ముక్కలు గట్టిగా, ఎర్రగా, చూడముచ్చటగా ఉన్నాయి. వెనక వరసలో మొదటి జాడీ మట్టి కొట్టి గుడ్డ విప్పగానే ఇద్దరూ వెనక్కి తగ్గారు. చేపల మధ్య పుట్టి పెరిగినవాళ్ళకు కూడా ముక్కు మూసుకోవాలనిపించే వాసన ఒకటి ఉంటుంది. హౌసాబాయి చెయ్యి పెట్టి ఒక ముక్క తీసింది. అది వేళ్ళ మధ్య మెత్తగా విడిపోయింది. పక్క జాడీ తెరిచారు, అదీ అంతే. ఆ వరసంతా అంతే.

తలుపు వెయ్యమంది హౌసాబాయి. మథుర వేసింది.

"ఆ రోజు నువ్వు నోట్లో పెట్టుకోలేదు కదూ?"

"లేదత్తా."

"మరి కొంగు ఎందుకు దోపలేదు?"

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అప్పటికి అది వాడలో ఒక్కరికి కూడా తెలియదు, చెప్పినా నమ్మేవాళ్ళం కాదు. రెండేళ్ళ కింద వచ్చిన జ్వరం హౌసాబాయి నాలుకను పట్టుకుపోయింది. జ్వరం తగ్గింది, ఆకలి వచ్చింది, రుచి మాత్రం తిరిగి రాలేదు. బెల్లం పెట్టినా, ఉప్పు పెట్టినా, పచ్చిమిరపకాయ పెట్టినా ఒకటే. ఆ సంగతి కనిపెట్టింది మథుర ఒక్కతే. కూరలో ఉప్పు మరిచిపోయిన రోజున అత్త మారుమాట లేకుండా తినేసి లేవడం చూసింది. అడగలేదు. ఆ సంవత్సరం జాడీల దగ్గర వాడ ఆడవాళ్ళమంతా చుట్టూ కూర్చుని ఉండగా, జాడీ అంచు తుడుస్తున్నట్టు వంగి, తనే ముందు వేలు నాలుకకు తాకించి, ఉప్పు చాలకపోతే కొంగు నడుముకు దోపుకుని నిలబడింది. చాలితే కొంగు వదిలేసింది. హౌసాబాయి ఒక్క చూపులో అర్థం చేసుకుంది. మా అందరి ముందూ దర్జాగా వేలు ముంచి, నాలుక మీద పెట్టుకుని, కోడలి కొంగు చూసి తీర్పు చెప్పింది. అత్తాకోడళ్ళు దాని గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. రెండేళ్ళూ అలాగే నడిచింది.

మేమా? హౌసాబాయి నాలుకకు దిష్టి తియ్యాలని అనుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళం.

"చైత్రంలోనే మనసులో అనేసుకున్నానత్తా," అంది మథుర. "ఇక ముట్టనని. అనుకున్నాక వేలు నోటి దాకా వచ్చింది, నోరు తెరుచుకోలేదు. నీరు చిక్కగానే కనబడింది. చాలులే అనుకున్నా. ముందు వరసకి ఎట్టాగో చాలింది, ఈ వరసకి చాల్లేదు."

"నాకో మాట చెప్పొచ్చుగా."

"అందరి ముందా?"

 హౌసాబాయి పీట లాక్కుని కూర్చుంది.  పోయింది తక్కువేం కాదు. ఆ వరస లేకపోతే నారళీ పున్నమికి సముద్రంలో కొబ్బరికాయ వేసి మళ్ళీ వేటకు వెళ్ళేదాకా ఇల్లు గడవడం కష్టం. హౌసాబాయి నోరు అప్పుడు తెరుచుకుంది. తిట్లు కాదు, అంతకంటే కష్టమైనది అడిగింది.

"దేవుణ్ణి ఎంచుకోవడమేంటే? చేపల బజారా, ఈ గంప కాకపోతే ఆ గంప అనడానికి? దేవుడు ఇంటితో వస్తాడు. ఈ ఇంటికి దేవి ఉంది. నీ మొగుడి పడవ ముక్కు మీద ఆవిడ బొమ్మే ఉంది. ఆవిడ చాలలేదా నీకు?"

"నువ్వు చెప్పుల్లేకుండా కొండెక్కడం ఇంటితో వచ్చిందా?" అంది మథుర. గొంతు పెంచలేదు. "మీ అత్త ఏడాదికో మేకని పంపి ఊరుకునేదంట. నువ్వే కదా చెప్పావు. కొత్తకోడలిగా ఉండి, కడుపుతో ఉండి, వద్దంటే వినకుండా ఎక్కావంట. నిన్నెవరు ఎక్కమన్నారు?"

"నన్ను దేవి పిలిచింది."

"ఊఁ," అంది మథుర.

ఆ ఊఁ విన్నాక హౌసాబాయి కోడలి ముఖంలోకి చూసింది. ఆ రెండు మూడు రోజుల్లో సూటిగా చూడడం అదే మొదటిసారి.

"సరే. మరి నీ విఠోబా ఏమని పిలిచాడు?"

"పిలవలేదు. నిలబడ్డాడు."

మథుర ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ పాకలో, ఆ వాసనలో, ఆమె తన బతుకులోకెల్లా పెద్ద మాట చెప్పింది. పోయిన ఏడు తుపానుకు మోరేశ్వర్ పడవ తప్పిపోయిన రోజు అందరికీ గుర్తే. పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఒడ్డున నిలబడింది మథుర. దేవికి మొక్కింది. దేవి పడవతో ఉంది, పడవలోని మనుషులతో ఉంది, అక్కడే ఉండాలి కూడా. ఒడ్డున నిలబడ్డ తనతో మాత్రం ఎవరూ లేరు. పడవ మర్నాడు వచ్చింది. కొన్నాళ్ళకు కీర్తనకని పిలిస్తే వెళ్ళి, గుడిలో విఠలుడి విగ్రహాన్ని మొదటిసారి దగ్గరగా చూసింది.

"నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడత్తా. మనం ఒడ్డున పడవల కోసం ఎట్టా నిలబడతామో, అచ్చం అట్టాగే. కూర్చోడంట. వచ్చేవాళ్ళు వచ్చేదాకా అట్టా నిలబడే ఉంటాడంట.  ఆ రోజు నా పక్కన ఎవరూ లేరనుకున్నా. ఉన్నాడు. నిలబడే ఉన్నాడు."

హౌసాబాయి చేతిలోని ఉప్పు రాళ్ళు నలిపింది. ఆమె కూడా అదే ఒడ్డున నిలబడ్డ మనిషి. ఆమె మొగుడి పడవ మాత్రం ఒక ఏడు తిరిగి రాలేదు.

"నడుం మీద చేతులు పెట్టుకుంటే దేవుడైపోతే," అంది చివరికి, "మన బజారు నిండా దేవుళ్ళేనే." నవ్వు దాకా వచ్చి ఆగిపోయింది. "అయినా నువ్వు అబద్ధం ఆడావు, మథురా. కొంగుతో ఆడినా అబద్ధమే. పో, మీ బువానే అడుగు. అబద్ధమాడిన నోటికి ఆ మాల నప్పుతుందేమో."

సఖారాం బువా పడవలు కట్టే వడ్రంగి. మాల వేసుకుని చేపల పడవలు కడతావా అని వెనకటికి కొందరు ఎద్దేవా చేశారు. నా కడుపు నాది, ఊరి కడుపు ఊరిది అని ఆయన చెక్క చిత్రిక పడుతూనే ఉన్నాడు. ఆయన వేసిన బాడిత దెబ్బకు వంక పెట్టినవాడు లేడు, ఆయన కీర్తనకు కూర్చుని మధ్యలో లేచినవాడూ లేడు. మథుర వెళ్ళేసరికి గుడి అరుగు మీద దిండి జెండాలకు కర్రలు దిగ్గొడుతున్నాడు. పండరి దారి తొక్కేవాళ్ళకు చిన్నా పెద్దా, ఆడా మగా, ఎదురైన ప్రతి మనిషీ తల్లే. అందుకని ఆయన అందరినీ మావులీ అనే పిలుస్తాడు.

మథుర అడగవలసింది అడిగింది. చేపలు అమ్మడం మానాలా అంది. అక్కర్లేదన్నాడు బువా. కులం పని విఠలుడికి అడ్డం కాదు, ఆయన అడిగేది నాలుక, అది నీది, ఇవ్వదలుచుకుంటే ఇవ్వు అన్నాడు. అప్పుడామె తల వంచుకుని, ఆ నాలుకతోనే ఒక అబద్ధం ఆడానని చెప్పింది. నలుగురిలో ఆడానంది. ఏమిటో చెప్పలేదు. ఆయనా గుచ్చి గుచ్చి అడగలేదు.

"ఇచ్చేటప్పుడు శుభ్రం చేసి ఇస్తాం కదా, మావులీ, ఏదైనా," అన్నాడు బువా. "అబద్ధంతో సహా ఇవ్వకు. ఎక్కడ ఎత్తుకున్నావో అక్కడే దించేసి రా."

"దించితే అది ఇంకొకరి నెత్తిన పడుతుంది బువా."

"అయితే వాళ్ళని అడుగు."

"అది అడిగే మాట కాదు."

బువా సుత్తి పక్కన పెట్టాడు. కోప్పడలేదు, బుజ్జగించలేదు. మాల నా సంచిలోనే ఉంటుంది, అదేమన్నా వంజరమా పాడవడానికి, ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు అన్నాడు. ఆ మాట ఆయన నవ్విద్దామని అన్నాడు. పాపం, ఆయనకేం తెలుసు? మథుర అక్కడే కూలబడి ఏడ్చింది. ఆయన ఆమె ఏడుపు అయ్యేదాకా పక్కన కూర్చుని, తరవాత ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టి పంపించాడు. పండరి నడిచే వారకరీలు అలాగే చేస్తారు, పెద్దా చిన్నా చూడరు. అయినా ఆ రోజు ఆయన దణ్ణం పెట్టింది ఆనవాయితీకి కాదని నా నమ్మకం.

దీపాలు పెట్టేవేళకు మథుర ఇంటికి వచ్చి, దారికని కట్టుకున్న మూట విప్పేసింది. రెండు చీరలు, ఒక లోటా, బియ్యపు రొట్టెల పిండి. ఒక్కొక్కటీ తీసి ఎక్కడివక్కడ పెట్టింది. హౌసాబాయి గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"బువా ఏమన్నాడు?"

"పాకలో ఆడిన అబద్ధం పాకలోనే, అందరి ముందూ చెప్పి రమ్మన్నాడు."

"చెప్పు మరి. ఆడింది నువ్వేగా."

"చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

మథుర పిండి డబ్బా మూత బిగించింది. "ఇకమీదట ఉప్పు నేనే చూస్తానత్తా. ఎప్పట్లాగే. ఈసారి నోట్లో పెట్టుకునే చూస్తా. ఇక దాని గురించి అడక్కు."

హౌసాబాయి మళ్ళీ అడగలేదు. అడగడానికి ఏముంది? కోడలు ఎందుకు చెప్పదో ఆమెకు అరటిపండు ఒలిచినట్టు అర్థమైంది. మథుర నోరు విప్పితే పోయేది మథుర పరువు కాదు. ఆ రాత్రి హౌసాబాయి అన్నం తినలేదని, దేవి బొమ్మ ఉన్న వెండి రేకు ముందు కూర్చుందని తరవాత మథురే మాకు చెప్పింది. దేవిని ఏం అడిగిందో మాత్రం ఎవరికీ తెలియదు. ఆ ఇద్దరి సంగతి ఆ ఇద్దరికే.

పొద్దున్నే దిండి బయల్దేరింది. వాన కాస్త తెరిపిచ్చింది. తాళాలు, మృదంగం, కాషాయం జెండాలు, నెత్తిన తులసికోట పెట్టుకున్న ఆడవాళ్ళు. మా వాడ వీధి ఎంత ఇరుకంటే ఇద్దరు గంపలవాళ్ళు ఎదురైతే ఒకరు గోడకు అతుక్కోవాలి. ప్రతి గుమ్మంలోనూ మేం చెంబులతో నిలబడి, వెళ్ళేవాళ్ళ పాదాల మీద నీళ్ళు పోస్తున్నాం. మాల వేసుకోని వాళ్ళమే అందరం. వెళ్ళలేని వాళ్ళం వెళ్ళేవాళ్ళ కాళ్ళు కడిగితే మనకూ కాస్త పుణ్యం అంటుతుందని ఆశ. దిండి వెనకాల ఘాటు అవతలి షావుకారు టెంపో ఇరుక్కుని హారన్ కొడుతోంది. మథుర తమ గుమ్మంలో చెంబుతో నిలబడి ఉంది. భుజాన మూట లేదు. మేం చూశాం, ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. మా వీధిలో పెద్దావిడ ఒకామె, ముచ్చట తీరిపోయినట్టుంది అని గొణిగింది కూడా.

అప్పుడు హౌసాబాయి పాకలోంచి వచ్చింది. చంకలో జాడీ. వీధి మధ్యకు వచ్చి, బువా కాళ్ళ ముందు దాన్ని దించింది. గుడ్డ తీసేసరికి ముందు వరసలో వాళ్ళు ముక్కులు మూసుకున్నారు. తాళాలు ఒకటొకటిగా ఆగాయి.

"అందరూ ఉన్నారుగా," అంది. బజారులో కేకేసే గొంతు అది, పెంచాల్సిన పని లేదు. "ఇది నా జాడీ. కుళ్ళిపోయింది. ఎందుకు కుళ్ళిందో చెబుతా, వినండి." వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఇది ఉప్పగా ఉందో, చప్పగా ఉందో నాకు తెలీదు. రెండేళ్ళయింది తెలీక. మీరంతా నా నాలుక నా నాలుక అంటూ తిరిగారు. అది చచ్చిపోయింది. ఉప్పు చూసింది నా కోడలు. నా పేరు పోకూడదని నోరు మూసుకుని చూసింది. నిన్న కూడా నా కోసమే మూట విప్పేసింది."

 టెంపో డ్రైవరు కూడా హారన్ మీద నుంచి చెయ్యి తీశాడు. ముప్పై ఏళ్ళు బజారును ఏలిన మనిషి, తన కిరీటం తనే తీసి బురదలో పెట్టి, తల ఎత్తుకుని నిలబడింది. ఒక్క చుక్క కన్నీరు లేదు. నాకు మాత్రం వచ్చింది, చెప్పడానికి సిగ్గెందుకు.

మథుర చెంబు కింద పెట్టి వచ్చింది. అత్త చెయ్యి పట్టుకుని, అత్త మాట పూర్తి కాలేదని, మిగతాది తనదని అంది. ఈసారి జాడీలకు తను ఉప్పు చూడలేదని, చూసినట్టు సైగ చేశానని, అందరి ముందూ అబద్ధమాడి ఇంటి కూడు పోగొట్టానని ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది. చెప్పి, అత్తకూ, షావుకారుకూ, మా అందరికీ కలిపి నేల మీద తల ఆనించి దణ్ణం పెట్టింది.

బువా సంచిలో చెయ్యి పెట్టాడు గానీ మాల బయటకు తియ్యలేదు. అది పండరిలో తియ్యవలసినది. "దించేశావు, మావులీ," అన్నాడు. "ఇక నడువు."

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బావుండును. కానీ షావుకారు టెంపో దిగి వచ్చాడు. చెడ్డవాడు కాదు, వ్యాపారం చేసుకునే మనిషి. అంతా బానే ఉంది గానీ, వచ్చే ఏడు ఈ ఇంటి ఉప్పు ఎవరు చూస్తారు, అది తేలకపోతే నేను ఇంకో వాడ చూసుకోవాలి కదమ్మా అన్నాడు. తప్పేం అడగలేదు. అత్త నాలుక లేదు, కోడలి నాలుక విఠలుడిది అవుతోంది. మేం కూడా జాడీలెత్తుతాం గానీ హౌసాబాయి ఇంటి ఉప్పు పాళ్ళు మాకు తెలియవు. మథుర అడుగు ఆగిపోయింది. 

జనాన్ని తోసుకుంటూ మోరేశ్వర్ వచ్చాడు. ఒళ్ళంతా తారు, జుట్టునిండా తాటాకు పీచు. ఎప్పటినుంచి నిలబడి విన్నాడో. మా మగవాళ్ళు ఉప్పు జాడీ ముట్టరు. ముడితే ఆ ఏడు వల ఖాళీగా వస్తుందని మాకు చిన్నప్పటి నుంచీ చెప్పేమాట. మామూలు మగవాడే ముట్టడు, ఇక పడవ నడిపే తండేలు ముట్టడమా. అతను జాడీ ముందు గొంతుక్కూర్చున్నాడు. చొక్కాకు వేలు తుడుచుకుని, ఆ కుళ్ళిన నీటిలో ముంచి, నాలుక మీద పెట్టుకున్నాడు. మగవాళ్ళలో ఎవరో అరే అన్నారు. మోరేశ్వర్ ముఖం చిట్లించి, పక్కకు తుపుక్కున ఉమ్మి, తల ఎత్తి తల్లిని చూశాడు.

"ఉప్పు తక్కువ."

ముందు ఎవరు నవ్వారో తెలియదు. వీధంతా నవ్వేసింది. బువా నవ్వాడు, షావుకారు నవ్వాడు. హౌసాబాయి కొడుకు నెత్తి మీద ఒకటి మొట్టి, ఇంత కుళ్ళాక ఆ ముక్క పిల్లి కూడా చెబుతుందిరా అంది. ఆ మొట్టిన చేతిని మాత్రం అతని తల మీద నుంచి తియ్యలేదు. నేర్పుతుందని, నేర్చుకుంటాడని మాకు అప్పుడే తెలిసిపోయింది. వల సంగతి దేవి చూసుకుంటుంది, నా దేవికి ఆమాత్రం మనసు లేకపోలేదు అని షావుకారుకు వినబడేలా అంది హౌసాబాయి.

మథుర మాత్రం నవ్వలేదు. మొగుణ్ణి చూస్తోంది. అతను లేచి ఆమె దగ్గరకు వచ్చాడు. పందిట్లో ఆమె ఆ మాట అన్నాక అతను ఆమె ఎదటకు రావడం ఇదే. నవ్వులు తగ్గాయి. ఇక అతను మాట్లాడింది మెల్లగానే గానీ, మా వీధి ఇరుకు కదా, వినబడకుండా ఎలా ఉంటుంది.

"వెళ్ళు మథురా. పండరి దాకా నడిచి రా. నేను అడ్డం రాను. ఉప్పు నేను చూస్తా, అమ్మని నేను చూసుకుంటా. ఒక్కటి మాత్రం చెప్పి వెళ్ళు." అతను తారంటిన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "నువ్వు మాల వేసుకుని వస్తావు. అప్పుడు కూడా నా పళ్ళెంలో చేప ఉంటుంది. నా చేతులు ఇదే వాసన కొడతాయి. ఇన్నాళ్ళూ పడవలో పడుకుని నేను ఆలోచించింది ఇదొక్కటే. నా పక్కన కూర్చుని తింటావా? లేక నీకు వేరే పొయ్యి, వేరే చాపా?"

అదా అతని బాధ. మేమంతా అతను పంతం పట్టాడనుకున్నాం.

 మథుర అత్త వైపు చూసింది. హౌసాబాయి వంగి జాడీకి గుడ్డ కట్టడంలో పడింది. బువా వైపు చూసింది. ఆయన జెండా కర్ర సరిచేసుకుంటూ వీధి మలుపు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ జవాబు ఆమెకు ఇంకెవరూ అందించరు.